గడ్డం సబ్బు

పోయిన నెలలో ఒక రాత్రి మా కేంద్రంలో చదువు అయిపోయింది. అందరూ పలకలు సర్దుకుని లేచారు. ఒక అక్క మాత్రం లేవలేదు. కొంగుచాటు నుంచి ఒక చిన్న అట్టపెట్టె తీసి నా ముందు పెట్టింది.

"టీచరమ్మా, ఇది గడ్డం సబ్బేనా? కొట్టాయన ఇచ్చాడు. డబ్బులిచ్చి తెచ్చుకున్నాను. సరైందో కాదో చూసి చెప్పు."

ఆ అక్క భర్తకు ఆరు నెలల కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా సరిగా రాదు. అంతకు ముందు ఆయన వారానికి రెండుసార్లు నున్నగా గడ్డం గీసుకుని తిరిగిన మనిషి. ఇప్పుడు ఇంటికి వచ్చి గీసే అన్నకు డబ్బులివ్వాలి. ఆ అన్న మంచివాడే. కానీ ఆయనకూ షాపు ఉంది, ఎప్పుడంటే అప్పుడు రాలేడు. గడ్డం పెరిగిపోయి, అన్నం మెతుకులు, మందుచుక్కలు అందులో ఇరుక్కుంటున్నాయి. దురద. ఎడమచేత్తో గోక్కుంటూ ఉంటాడు.

"నేనే గీద్దామని ఒకరోజు స్నానం సబ్బు రుద్ది గీశాను. రెండుచోట్ల తెగింది. బుగ్గంతా మండినట్టుంది, చేత్తో నన్ను తోసేశాడు. ఇప్పుడు బ్లేడు చూస్తేనే మొహం తిప్పేసుకుంటున్నాడు" అంది అక్క. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నాకు ఈ పని కొంచెం తెలుసు. మా తాత చివరి రెండేళ్ళు మంచంలో ఉన్నాడు. ఆయనకు గడ్డం గీసింది నేనే. మొదటిసారి నా చేతిలోనూ తెగింది. అందుకే ఈసారి పాఠం గడ్డం సబ్బు మీద రాస్తున్నాను. ఇదేం పాఠం అని నవ్వకండి. ముసలి మామగారు, జబ్బుపడ్డ నాన్న, చెయ్యి విరిగిన కొడుకు... ఎవరో ఒకరు ప్రతి ఇంట్లో ఉంటారు.

స్నానం సబ్బుతో ఎందుకు మండింది?

ఎండిన తాటాకును వంచండి. ఫట్టున విరుగుతుంది. అదే ఆకును నీళ్ళలో నానబెట్టండి. చాప అల్లడానికి వీలుగా మెత్తబడుతుంది. గడ్డం వెంట్రుక కూడా అంతే. పొడిగా ఉన్నప్పుడు గట్టిగా ఉంటుంది. రెండు మూడు నిమిషాలు తడిలో ఉంటే నీరు పీల్చుకుని మెత్తబడుతుంది. అప్పుడు బ్లేడు తేలిగ్గా తెగ్గోస్తుంది. పొడి వెంట్రుకను గీస్తే బ్లేడు దాన్ని పీకుతుంది. మంట అందుకే.

మరి ఉత్త నీళ్ళు చాలవా? చాలవు. వెంట్రుక మీద సన్నగా జిడ్డు ఉంటుంది. జిడ్డు మీద నీళ్ళు నిలవవు. సబ్బు ఆ జిడ్డును తీసేస్తుంది. దాని నురుగు నీటిని వెంట్రుక చుట్టూ పట్టి ఉంచుతుంది. ఇంకో పని కూడా చేస్తుంది. బ్లేడుకూ చర్మానికీ మధ్య జారుడుగా ఉంటుంది. బురదలో కాలు జారినట్టు బ్లేడు జారిపోవాలి. ఎక్కడా ఆగకూడదు.

స్నానం సబ్బు నురుగు చూడండి. బుడగలు పెద్దవి. రెండు నిమిషాల్లో ఆరిపోతుంది. ఒక బుగ్గ గీసేలోపు రెండో బుగ్గ మీద తెల్లటి పొర మిగులుతుంది. ఆ పొర మీద బ్లేడు పెడితే కోసుకుంటుంది. గడ్డం సబ్బు నురుగు అలా కాదు. బుడగలు కంటికి కనబడనంత చిన్నవి. మీగడలాగా చిక్కగా ఉంటుంది. ఐదారు నిమిషాలు ఆరకుండా ఉంటుంది.

ఆ తేడా ఎక్కడినుంచి వచ్చింది?

సబ్బు అంటే నూనె, క్షారం కలిసి మారిన పదార్థం. క్షారం అంటే మనకు తెలియనిది కాదు. మన అవ్వలు చవుడు మట్టితో బట్టలు ఉతికారు. బూడిదతో గిన్నెలు తోమారు. చవుడులో ఉండేది సోడా జాతి క్షారం. కట్టెల బూడిదలో ఉండేది పొటాష్ జాతి క్షారం. పొలానికి వేసే పొటాష్ పేరు విన్నారు కదా. వెనుకటికి విదేశాల్లో బూడిదను నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళను కుండలో మరిగించి క్షారం తీసేవారు. ఇంగ్లీషులో కుండను పాట్ అంటారు, బూడిదను యాష్ అంటారు. రెండూ కలిసి పొటాష్ అయింది.

నూనెకు సోడా క్షారం కలిపితే గట్టి సబ్బు వస్తుంది. బట్టల సబ్బు, స్నానం సబ్బు అలాంటివే. పొటాష్ క్షారం కలిపితే మెత్తటి ముద్ద వస్తుంది. అది నీళ్ళలో తొందరగా కరుగుతుంది. గడ్డం సబ్బు చేసేవాళ్ళు చాలామంది రెండు క్షారాలూ వాడతారు. అందుకే అది బిళ్ళగా నిలుస్తుంది, బ్రష్షు తిప్పగానే కరిగి నురుగూ ఇస్తుంది. నూనెల్లోనూ తేడా ఉంది. కొబ్బరినూనె సబ్బు బాగా నురగ ఇస్తుంది గానీ ఆ నురుగు త్వరగా చస్తుంది. అందుకని గడ్డం సబ్బులో స్టీరిక్ ఆమ్లం ఎక్కువ వేస్తారు. పేరు చూసి భయపడకండి. తెల్లగా, మైనంలాగా ఉంటుంది. పామాయిల్ నుంచో, పశువుల కొవ్వు నుంచో తీస్తారు. కొవ్వొత్తుల్లో కూడా వేస్తారు. నురుగు చిక్కగా నిలవడం దానివల్లే. పైగా కొంచెం గ్లిజరిన్ ఉంటే తడి ఆరదు.

పశువుల కొవ్వు అనగానే మా కేంద్రంలో ఒకామె మొహం చిట్లించింది. ఇది కొత్త సంగతి కాదు. వెనుకటి సబ్బుల్లో కొవ్వే ఎక్కువ. చాలామంది ముట్టుకునేవారు కాదు. అప్పుడు గోద్రెజ్ కంపెనీ చావి అనే సబ్బు తెచ్చింది. కొవ్వు లేకుండా గింజల నూనెతో చేసింది. చావి అంటే తాళంచెవి. ఆ కంపెనీ అంతకు ముందు తాళాలు చేసేది మరి.

ఇంట్లో ఇలాంటి సబ్బు చేద్దామని మాత్రం పూనుకోకండి. కాస్టిక్ సోడా, కాస్టిక్ పొటాష్ చర్మాన్ని కాల్చేస్తాయి. కంట్లో పడితే చూపు పోతుంది.

ట్యూబు, డబ్బా, బిళ్ళ

కొట్లో గడ్డానికి మూడు రకాలు దొరుకుతాయి. నొక్కితే నురుగు వచ్చే డబ్బా ఒకటి. అందులో గ్యాసు ఉంటుంది, రేకు డబ్బా ఉంటుంది. వాటి ఖరీదు కూడా మనమే ఇస్తాం. రెండోది క్రీము ట్యూబు. అది ఎక్కువ నీళ్ళు కలిపిన మెత్తటి సబ్బే. మూడోది బిళ్ళ, లేదా పొడుగాటి కడ్డీ. ఇందులో నీళ్ళు తక్కువ. నీళ్ళు మన ఇంట్లోనే కలుపుకుంటాం. అందుకే ఎక్కువ రోజులు వస్తుంది. మా తాతకు వారానికి రెండుసార్లు గీసేదాన్ని. 50 గ్రాముల బిళ్ళ ఏడాది దగ్గరగా వచ్చింది.

లెక్క ఎలా చూడాలో చెబుతాను. బిళ్ళ 50 గ్రాములు, ధర 40 రూపాయలు అనుకుందాం. ట్యూబు 70 గ్రాములు, ధర 70 రూపాయలు అనుకుందాం. 10 గ్రాములకు బిళ్ళ 8 రూపాయలు పడింది. ట్యూబు 10 రూపాయలు పడింది. తేడా 2 రూపాయలే కదా అంటారు. కానీ గీసిన ప్రతిసారీ ట్యూబులోంచి ఎక్కువ పిండుతాం. పిల్లలు నొక్కి ఆడుకుంటే ఇంకా తొందరగా అయిపోతుంది.

అట్ట మీద ఇంగ్లీషే ఎక్కువ ఉంటుంది. నిజమే. కానీ అంకెలు మనకు వచ్చు. బరువు ఎన్ని గ్రాములో, గరిష్ఠ ధర ఎంతో, ఏ నెల, ఏ సంవత్సరం తయారైందో అట్ట మీద ఉండాలి. గరిష్ఠ ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. అంతకంటే ఎక్కువ అడగకూడదు. ఆ అక్క తెచ్చిన అట్టపెట్టె మీద మేమిద్దరం కలిసి వెతికాం. బరువు దొరికింది. ధర దగ్గరకు రాగానే అక్క వేలు ఆగిపోయింది. 38 రూపాయలు. "నా దగ్గర 40 తీసుకున్నాడే!" అంది.

అది గడ్డం సబ్బే. మంచిదే.

కప్పు, బ్రష్షు సంగతి

అమెరికాలో 1840లో విలియమ్స్ అనే ఆయన గడ్డం సబ్బు వ్యాపారం మొదలుపెట్టాడు. గుండ్రటి బిళ్ళ. కప్పు అడుగున పడుతుంది. నీళ్ళు చల్లి బ్రష్షుతో తిప్పితే అందులోనే నురుగు. ఆ రోజుల్లో అక్కడి మగవాళ్ళు చాలామంది గడ్డం ఇంట్లో గీసుకునేవారు కాదు, షాపుకు పోయేవారు. షాపులో గోడకు అలమర. రోజూ వచ్చేవాళ్ళకు అందులో ఎవరి కప్పు వారిది. కప్పు మీద బంగారు రంగుతో మనిషి పేరు. కొన్నింటి మీద పేరుతోపాటు అతని పని బొమ్మ కూడా ఉండేది. దర్జీ అయితే కుట్టుమిషను. బండివాడైతే గుర్రం. ఆ కప్పులను ఇప్పుడు మ్యూజియాల్లో దాచారు.

ఇంట్లోనే గీసుకోవడం ఎప్పుడు పెరిగింది? జిలెట్ అనే ఆయన, వాడి పారేసే పలచటి బ్లేడు పెట్టుకునే రేజరు తెచ్చాడు. అమ్మకాలు మొదలైన 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. అంతే! మరుసటి ఏడాది 90 వేలు దాటాయి. తరువాత మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకు రేజర్లు పంచారు. వాళ్ళు ఇంటికి వచ్చాక కూడా అదే అలవాటు అయింది.

ఆ యుద్ధం రోజుల్లోనే ఇంకో ఘోరం జరిగింది. బ్రష్షులకు మంచి వెంట్రుకలు దొరకడం కష్టమైంది. గుర్రపు వెంట్రుకలతో చౌక బ్రష్షులు చేశారు. వాటిని సరిగా శుద్ధి చేయలేదు. అందులో దొమ్మరోగం క్రిములు ఉన్నాయి. గొర్రెలు, మేకలు ఉన్నట్టుండి పడి చచ్చిపోతాయే, ఆ దొమ్మే. విశాఖ మన్యంలో చచ్చిన మేకను కోసినవాళ్ళకు పుండ్లు వచ్చాయని వినే ఉంటారు. ఆ జబ్బే బ్రష్షుల ద్వారా ఇంగ్లండు, అమెరికాల్లో 200 మందికి పైగా సోకింది. గడ్డం గీసుకున్న చోట నల్లటి పుండు లేచేది. కొందరు చనిపోయారు. కాబట్టి సంతలో ఎవరో వాడి అమ్మిన పాత బ్రష్షు కొనవద్దు. నైలాను బ్రష్షు చౌకగా దొరుకుతుంది. అది చాలు.

మన ఊళ్ళలో వెనుకటికి నాయీ బ్రాహ్మణుల పెద్దాయన పెట్టె చంకన పెట్టుకుని ఇంటింటికీ వచ్చేవాడు. అరుగు మీద కూర్చోబెట్టి గీసేవాడు. డబ్బులు కాదు, పంటలప్పుడు మేర గింజలు కొలిచేవారు. వాళ్ళ ఆడవాళ్ళే చాలా ఊళ్ళలో మంత్రసానులు. మా అమ్మ పుట్టింది అలాంటి ఒక అవ్వ చేతిలోనే. అంత పని చేయించుకుని ఆ కులం పేరును తిట్టుగా వాడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నాకు అది నచ్చదు.

బ్లేడు ఒకరిది ఒకరికి వద్దు

ఇది బాగా గుర్తు పెట్టుకోవాలి. గడ్డం గీసేటప్పుడు కంటికి కనబడని గాట్లు పడతాయి. బ్లేడుకు కాస్త రక్తం అంటుతుంది. అదే బ్లేడు ఇంకొకరికి వాడితే ఆ రక్తంలోని జబ్బు వాళ్ళకు పోవచ్చు. హెపటైటిస్ బి అనే కామెర్ల జబ్బు అలా వస్తుంది. హెపటైటిస్ సి కూడా రావచ్చు. ఎయిడ్స్ క్రిమి ఇలా సోకడం అరుదు, కానీ ఆ జాగ్రత్త కూడా ఇందులోనే కలిసి వస్తుంది. హెపటైటిస్ బి క్రిమి మొండిది. ఎండిన రక్తపు మరకలో కూడా వారం రోజులు బతికి ఉంటుంది. నీళ్ళతో కడిగినంత మాత్రాన పోదు.

అందుకే అన్నదమ్ములు, తండ్రీకొడుకులు కూడా ఒకే బ్లేడు వాడకూడదు. షాపులో అయితే కొత్త బ్లేడు కళ్ళముందు విరిచి పెట్టమని మీ పిల్లలకు చెప్పండి. చాలామంది అడక్కుండానే పెడతారు. పటిక బిళ్ళ కూడా ఎవరిది వాళ్ళకే ఉండాలి. హెపటైటిస్ బి కి టీకా ఉంది. బిడ్డ పుట్టిన 24 గంటల లోపు ఒకటి వేస్తారు. తరువాత 6, 10, 14 వారాలకు వేసే టీకాలో కూడా అది ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు తీసుకోరు. హెపటైటిస్ సి కి టీకా లేదు.

ఇంక గీయడం

ముందు ఒక మాట. పక్షవాతం వచ్చినవాళ్ళకు రక్తం పలచబడే మాత్రలు ఇస్తారు చాలాసార్లు. అవి వాడేవాళ్ళకు చిన్న గాటు పడినా రక్తం తొందరగా ఆగదు. డాక్టరును గానీ, నర్సమ్మను గానీ అడగండి. మా ఆయనకు బ్లేడుతో గీయవచ్చా అని అడగండి. వద్దంటే కరెంటు షేవరు గానీ, చార్జింగు ట్రిమ్మరు గానీ మేలు. నున్నగా రాదు, కానీ తెగడం తక్కువ. ఆ అక్క చీటీ తీసుకుపోయి అడిగింది. జాగ్రత్తగా గీసుకోమన్నారు.

మనిషిని కూర్చోబెట్టాలి. వెనుక దిండ్లు పెట్టి తల గోడకు ఆనించాలి. పడుకోబెట్టి గీస్తే నురుగు నోట్లోకి పోతుంది. మింగడం సరిగా రానివాళ్ళకు అది ప్రమాదం. వెలుతురు మొహం మీద పడాలి. నేను మొదటిసారి చీకటి వసారాలో గీశాను. తాత గదమ కింద తెగింది అందుకే.

గోరువెచ్చటి నీళ్ళలో బట్ట ముంచి, పిండి, గడ్డం మీద మూడు నిమిషాలు ఉంచండి. వేడి ముందు మీ మోచేతి మీద చూసుకోండి. పడిపోయిన వైపు ఆయనకు వేడి తెలియకపోవచ్చు. కాలినా చెప్పలేడు.

ఈలోగా బ్రష్షు నానబెట్టండి. తీసి ఒకసారి విదిలించండి. తడిపిన బిళ్ళ మీద 20, 30 చుట్లు తిప్పండి. మొదట మజ్జిగ నురుగులా పెద్ద బుడగలు వస్తాయి. అక్కడితో ఆపేయకండి. తిప్పుతూనే ఉండండి. మరీ పిండిలా ఉంటే రెండు చుక్కలు నీళ్ళు వేయండి. మీగడలా అయినప్పుడు అయినట్టు. రెండు వేళ్ళ మధ్య పెట్టి రుద్దితే జారిపోవాలి. మా ఊళ్ళో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళకు సబ్బు విరిగిపోతుంది, నురుగు రాదు. నేను వాననీళ్ళు పట్టి పెట్టుకునేదాన్ని. లేనప్పుడు నీళ్ళు మరగబెట్టి, తెల్లటి పొర అడుక్కు దిగాక పైన తేటనీళ్ళు తీసుకునేదాన్ని. అన్ని బోరు నీళ్ళూ అలా బాగుపడవు, కొన్నింటికి పనిచేస్తుంది.

నురుగును మొహం మీద గుండ్రంగా తిప్పుతూ రాయండి. వెంట్రుకలు లేచి నిలబడతాయి. అందుకే బ్రష్షు. చేత్తో పూస్తే అవి చర్మానికి అణిగిపోతాయి. పుట్టుమచ్చలు, పులిపిర్లు ఎక్కడున్నాయో ముందే చూసి పెట్టుకోండి.

వెంట్రుక ఏ వైపు మొలిచిందో వేలితో నిమిరి చూడండి. గరగర లేని వైపు అది. ఆ వైపుకే గీయాలి. ఎడమచేతి వేళ్ళు పొడిబట్టతో తుడుచుకుని చర్మాన్ని చెవి వైపుకు లాగి పట్టుకోండి. పక్షవాతం వచ్చిన బుగ్గ వేలాడుతూ ఉంటుంది. లాగకుండా గీస్తే మడతలో తెగుతుంది. ఆ అక్క చేసిన పొరపాటు అదే, నేను చేసిందీ అదే. రేజరును నొక్కవద్దు. దాని బరువుతో అదే పోవాలి. వేలెడంత గీయండి, నీళ్ళలో జాడించండి, మళ్ళీ గీయండి. ముందు బుగ్గలు, తరువాత మెడ. గడ్డం మొన, పై పెదవి ఆఖరున. అక్కడి వెంట్రుకలు బాగా మొండివి. అవి ఎక్కువసేపు నానాలి. మీసం ఉంచాలా తీయాలా ఆయన్నే అడగండి. మాట రాకపోయినా తల ఊపుతాడు.

తెగితే శుభ్రమైన బట్టతో ఐదు నిమిషాలు వదలకుండా ఒత్తి పట్టండి. మధ్యలో తీసి చూడవద్దు. ఆగకపోతే ఆసుపత్రికి పోవాలి. అయిపోయాక చల్లటి నీళ్ళతో కడిగి, రుద్దకుండా అద్దండి. రెండు చుక్కలు కొబ్బరినూనె రాస్తే హాయిగా ఉంటుంది.

బ్రష్షు కడిగి, విదిలించి, గాలి తగిలేచోట వేలాడదీయండి. బిళ్ళ ఉన్న గిన్నెలో నీళ్ళు వంపేయండి. లేకపోతే తెల్లవారేసరికి సగం కరిగిపోతుంది. పాత బ్లేడు పెంటకుప్పలో వేయకండి. గేదె మేతతో పాటు నోట్లోకి పోతుంది. మూత ఉన్న రేకు డబ్బాకు సన్నటి చీలిక చేసి, అందులో వేసి, పిల్లలకు అందని చోట పెట్టండి.

ఆ అక్క మంగళవారం గీయనంది. మా ఊళ్ళో ఆ రోజు ఎవరూ గీయించుకోరు, షాపులూ తెరవరు. బుధవారం పొద్దున నన్ను తోడు రమ్మంది. వెళ్ళాను. ఆయన మొదట మొహం తిప్పుకున్నాడు. అక్క బ్లేడు చూపించలేదు. గిన్నెలో నురుగు మాత్రం తిప్పుతూ కూర్చుంది. ఆ వాసనకు ఆయన ఇటు తిరిగాడు. అరగంట పట్టింది. ఒక్కచోట కూడా తెగలేదు. మీసం దగ్గరకు రాగానే ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. సరే, మీసం అలాగే ఉంచింది. తరువాత ఆ చేత్తోనే బుగ్గ నిమురుకుని, గోడకున్న అద్దం వైపు చూపించాడు.

అక్క అద్దం తీసి ఆయన చేతికిచ్చింది. ఖాళీ అట్టపెట్టె నడుముకు దోపుకుని, "టీచరమ్మా, నువ్వు కాసేపు ఇక్కడే కూర్చో. కొట్టుకు పోయి నా 2 రూపాయలు తెచ్చుకుంటాను" అని బయల్దేరింది.